రెండు కాళ్ళ గుడి

క్రైస్తవంలో కులం లేదు. ఈ మాట మాకు రెండు దిక్కుల నుంచి వినబడుద్ది. ఒకటి గుడిలో పీఠం మీద నుంచి. రెండోది ఢిల్లీ నుంచి, కోర్టుల నుంచి, మండలాఫీసులో బల్ల వెనక నుంచి. పీఠం మీద నిలబడినాయన కులం లేదని చెప్పి మా నోరు మూయిస్తాడు. బల్ల వెనక కూర్చున్నాయన కులం లేదని చెప్పి మా కాయితం లాక్కుంటాడు. వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. అయినా మాట మాత్రం ఒకటే. వాళ్ళతో వాదన తరువాత పెట్టుకుందాం. ముందు మీకొక గుడి చూపిస్తాను.

తమిళనాడులో, తిరునెల్వేలి జిల్లాలో, కన్యాకుమారికి అట్టే దూరం లేకుండా వడక్కన్‌కుళం అనే ఊరుంది. అక్కడి కాథలిక్ గుడి పేరు తిరుకుటుంబ దేవాలయం. తిరుకుటుంబం అంటే యేసు, మరియమ్మ, జోజప్ప. ఒక వడ్రంగి ఇల్లు. ఆ వడ్రంగి ఇంటి పేరు పెట్టి జెస్విట్ గురువులు 1872లో ఆ గుడి కట్టారు.

మన ఆర్.సి.యం. గుళ్ళు మీకు తెలుసు. పొడుగ్గా ఒకటే సాల. ఒక కొసన వాకిలి, ఇంకో కొసన పీఠం. కొంచెం డబ్బున్న విచారణైతే అటొక రెక్క ఇటొక రెక్క పెడతారు. పైనుంచి చూస్తే సిలువ ఆకారం. వడక్కన్‌కుళంలో అట్టా కాదు. అక్కడ రెండు సాలలు. రెండూ వేరు వేరుగా బయలుదేరి, ఏటవాలుగా దగ్గరకొస్తా, పీఠం దగ్గర కలుస్తాయి. పైనుంచి చూస్తే సిలువ కనబడదు, దండెం మీద ఆరేసిన లాగు కనబడుద్ది. చరిత్ర రాసినోళ్ళు దానికి పెట్టిన పేరు కూడా అదే, ట్రౌజర్ చర్చి. ఒక కాలులో వెల్లాల కులం క్రైస్తవులు. పిళ్ళైలు, మొదలియార్లు అంటారే, వాళ్ళు. ఇంకో కాలులో వాళ్ళు తమకన్నా తక్కువనుకున్న నాడార్లు వగైరా. మధ్యలో అడ్డుగోడ. లాగుకి నడుం ఉండే చోట దేవుడు.

నేను జిల్లా పరిషత్ స్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. కోణాల పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఈ గుడే గుర్తొస్తది. రెండు గీతలు ఒక బిందువు దగ్గర కలిస్తే ఆ బిందువు మీద నిలబడినోడికి రెండు గీతలూ ఆ చివరి దాకా కనబడతాయి. గీతల మధ్య గోడ ఉంటే, ఈ గీత మీద ఉన్నోడికి ఆ గీత మీద ఉన్నోడు కనబడడు. పూజ చేసే ఫాదరుకి అందరూ కావాలి. పూజ చూసే పిళ్ళైకి నాడారు కంటబడకూడదు. ఈ రెండు కోరికలకీ ఒకే లెక్కతో జవాబు రాబట్టారు. బాగా చదువుకున్న బుర్ర చేసిన లెక్క అది.

ఈ విషయం మీద కాసేపు ఆగాలి. కులం గుడిలోకి 'వచ్చేసింది' అని మన ఫాదర్లు చెబుతుంటారు. ఏదో కిటికీలోంచి దోమ వచ్చినట్టు. జనం పాత అలవాట్లు మానుకోలేదు, పాపం గురువులు ఏం చేస్తారు అని. కట్టడం చూసినాక ఈ మాట నిలబడదు. అలవాటనేది నేలమీద చాప వేసుకునే దగ్గర ఉంటది. పునాదిలో ఉండదు. పునాది తీయాలంటే ముందు కాయితం మీద గీత గీయాలి, తాడు పట్టి ముగ్గు పోయాలి, ఇటుక ఎంత, సున్నం ఎంత, దూలాలు ఎన్ని అని లెక్క వేయాలి, పైవాళ్ళు ఒప్పుకోవాలి, డబ్బు తేవాలి. ఒక సాలకయ్యే గోడలకి రెండు సాలల గోడలు కట్టాలి. కులం కోసం అదనంగా ఖర్చు పెట్టారు. ఆ ఖర్చుని ఏ పద్దు కింద రాశారో నాకు చూడాలని ఉంది.

1872కి ముందు సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఒక ఊరి మూర్ఖత్వం కింద కొట్టేస్తారు. రాబర్ట్ డి నోబిలి 1606లో మదురై వచ్చాడు. అంతకుముందే అక్కడ పోర్చుగీసు గురువు ఉంటే ఆయన దగ్గర ఉండకుండా వేరే మకాం పెట్టి, కావి కట్టి, బ్రాహ్మణ సన్యాసి మాదిరి బతికాడు. మతం మారిన బ్రాహ్మడు జంధ్యం తీయక్కర్లేదు, పిలక తీయక్కర్లేదు అన్నాడు. 1623లో పోపు 15వ గ్రెగరీ దానికి అనుమతి ఇచ్చాడు. మరి కిందికులాల సంగతి? వాళ్ళ కోసం 1640 నుంచి పండారస్వాములని వేరే రకం గురువులు. అంటే గుడికి రెండు కాళ్ళు మొలవకముందే గురువులకి రెండు కాళ్ళు మొలిచాయి. రోము పంపిన టూర్నన్ అనే ఆయన పాండిచ్చేరిలో దిగి 1704లో కొన్ని ఆజ్ఞలు రాశాడు. పరయవాళ్ళలో ఎవరన్నా జబ్బుపడితే గురువు వాళ్ళ ఇంటికే పోయి దేవద్రవ్యానుమానాలు ఇవ్వాలన్నది అందులో ఒకటి. చావబోయేవాడి గుడిసెలోకి గురువు పోవాలని రోము ఆజ్ఞ వేయాల్సి వచ్చిందంటే, అంతకుముందు పోవడం లేదనే గదా. దాని మీద నలభై ఏళ్ళు తగాదా నడిచింది. చివరికి 1744లో పోపు 14వ బెనెడిక్ట్ తీర్పు చెప్పాడు. పరయవాళ్ళకి ప్రత్యేకంగా వేరే గురువులని పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. పోపు ముద్ర పడ్డ రెండు గ్లాసుల పద్ధతి అది.

పాండిచ్చేరి గుడిలో గోడే ఉండేది. ఇది ఏ దళితుడో కడుపుమంటతో రాసిన మాట కాదు. ఆనందరంగ పిళ్ళై తన దినచర్యలో 1745 అక్టోబరులో రాసుకున్నాడు. ఈ పిళ్ళై తెలుగువాళ్ళకి కొత్తోడు కాదు, కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' రాసింది ఈయన పేరు మీదే. పరయవాళ్ళకీ కులంవాళ్ళకీ మధ్య ఉన్న గోడ తీసేయిస్తే కులం క్రైస్తవులు గొడవ చేశారని ఆయన రాశాడు. ఆ గుడిని 1761లో ఇంగ్లీషువాళ్ళు పడగొట్టారు. ఇప్పుడున్న పాండిచ్చేరి కెథడ్రల్ తరువాత కట్టింది, 1791కి పూర్తయింది.

అదే 1745లో, మే 14న, వడక్కన్‌కుళంలో ఒకాయనకి జ్ఞానస్నానం అయింది. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి, నీలకంఠ పిళ్ళై. డచ్చి కెప్టెన్ డి లనాయ్ స్నేహంతో క్రైస్తవం తెలుసుకుని లాజరు అనే పేరు తీసుకున్నాడు. తమిళంలో దేవసహాయం. అన్ని కులాలవాళ్ళతో కలిసి తిరిగేవాడు, మనుషులంతా సమానమని చెప్పేవాడు. 1749లో పట్టుకున్నారు. జిల్లేడు పూల దండ వేసి, దున్నపోతు మీద ఎక్కించి ఊరేగించారు. 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండ మీద కాల్చి చంపారు. ఆయన జ్ఞానస్నానం తీసుకున్న ఊళ్ళోనే, నూట ఇరవై ఏడేళ్ళ తరువాత, ఆయన నమ్మిన దేవుడి గుడికి రెండు కాళ్ళు పెట్టారు. ఇంతకంటే ఎగతాళి ఎవరు చేయగలరు?

ఆ గుడి నేను చూసింది మాయమ్మ మొక్కు పుణ్యాన. మాయమ్మకి మోకాళ్ళ నొప్పులు. ముప్పై ఏళ్ళు మిరపకాయల కోతలకి పోయిన మోకాళ్ళు. వేళాంగణి మాతకి మొక్కుకుంది. అది తీర్చుకుని, ఇంత దూరం వచ్చాం గదా అని కన్యాకుమారి పోయాం. అక్కణ్ణించి నేనే పట్టుబట్టి వడక్కన్‌కుళం తీసుకుపోయాను. పీఠం దగ్గర నిలబెట్టి చూపించాను. అమ్మా, ఈ కాలులో వాళ్ళు, ఆ కాలులో వీళ్ళు, ఇదిగో ఇక్కడ గోడ ఉండేదంట అన్నాను. అమ్మ అటు చూసింది, ఇటు చూసింది. కొంగు తల మీదికి లాక్కుని సిలువ గుర్తు వేసుకుంది. బయటికొచ్చినాక అంది: "పిచ్చోళ్ళు గాకపోతే గోడెందుకే? మనూళ్ళో గోడ ఉందా? ఎక్కడ కూకోవాల్నో మనకి తెలవదా ఏంది?"

మాయమ్మ చదువుకోలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనొక్కదాన్నే. ఆమె ఒక్క ముక్కలో చెప్పింది చెప్పడానికి నాకు ఇన్ని పేజీలు కావాల్సి వస్తంది.

మా ఊరి గుడిలో గోడ లేదు. నిజమే. ముందు వరసల్లో బల్లలు. ఆ బల్లల మీద రెడ్ల పేర్లు రాసి ఉంటాయి, వాళ్ళ తాతల జ్ఞాపకార్థం చేయించినవి. వెనక నేల మీద మేము. బల్ల ఖాళీగా ఉన్నా మా వాళ్ళు ఎక్కరు. ఎవరూ వద్దనరు. ఎవరూ రమ్మనరు. నా చిన్నప్పుడు సత్ప్రసాదానికి వరస కట్టడంలో కూడా ముందు బల్లలు లేవాలి, తరువాత నేల లేవాలి. చర్చి పండగకి తేరు మోసేది మావాళ్ళు, తేరు ముందు గొడుగు పట్టేది వాళ్ళు. సమాధుల తోటలో మామిడిచెట్టు అవతల మావి. మా తాత రాయప్ప ఆ గుడి కట్టేటప్పుడు సున్నం గానుగ తిప్పాడంట. ఆయన పేరు ఏ బల్ల మీదా లేదు.

తెలుగుదేశంలో ఈ కథ ఎట్టా మొదలైందో కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. 18వ శతాబ్దం మొదట్లో కర్నాటక మిషన్ అని ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరు, కృష్ణాపురం వైపు నుంచి తెలుగు నేల మీదికి వచ్చారు. వాళ్ళూ నోబిలి బాటే పట్టారు, రోము నుంచి వచ్చిన సన్యాసులమని కావి కట్టుకు తిరిగారు. రాయలసీమలో కొన్ని రెడ్డి కుటుంబాలు మతం పుచ్చుకున్నాయి. వాటిలో కొన్ని గుంటూరు సీమకి వలసొచ్చాయి. ఫిరంగిపురం అట్టా పెరిగిందే. మా మాదిగపల్లె గుడిలోకి అడుగుపెట్టింది ఎంతో కాలం తరువాత. అప్పటికి బల్లలన్నీ నిండిపోయాయి.

తమిళ మిషను నుంచి మనకి పేర్లు కూడా వచ్చాయి. పేతురంటే రాయప్ప, పౌలంటే చిన్నప్ప, జేవియరంటే శౌరి, ఇగ్నేషియస్ అంటే ఇన్నయ్య. మా పల్లెలో శౌరి ఉన్నాడు, వాళ్ళ బజార్లో శౌరిరెడ్డి ఉన్నాడు. మాకు చిన్నప్ప, వాళ్ళకి చిన్నపరెడ్డి. మాకు ఇన్నయ్య, వాళ్ళకి ఇన్నారెడ్డి. మాకు జోజి, వాళ్ళకి జోజిరెడ్డి. జ్ఞానస్నానం నీళ్ళు తల మీద పోస్తారు గదా, పేరులో ముందు సగమే తడిసింది, వెనక సగం పొడిగా ఉండిపోయింది. సాక్షాత్తూ సెయింట్ జేవియర్‌నే రెడ్డిని చేసుకున్న మతంలో కులం లేదని మాకు పాఠం చెబుతారు!

వడక్కన్‌కుళం గోడ 1910లో పడిపోయింది. దానంతట అది పడలేదు. కింద కాలులో ఉన్నవాళ్ళు చదువుకుని, డబ్బు సంపాదించి, ఊరుకోబోమని తిరగబడితే పడింది. పిళ్ళైలు కోర్టుకెక్కారు. గుడిలో వేరుగా కూర్చునే హక్కు మాకు తాతల నాటి నుంచి ఉంది, వాళ్ళు తాకితే మాకు మైల అని. క్రైస్తవులై ఉండి మైల అని! మద్రాసు హైకోర్టు దాకా పోయింది. లా రిపోర్టుల్లో 'మైఖేల్ పిళ్ళై వర్సెస్ బార్తే' అని ఆ కేసు దొరుకుద్ది. క్రైస్తవం పుచ్చుకున్నాక హిందూ కులం మైలని పట్టుకొచ్చి హక్కు అడగడం కుదరదని వాళ్ళని పంపించేశారు.

మంచి తీర్పే. కానీ ఆ మాటని రెండు వైపులా పదునున్న కత్తిగా చూడాలి మనం. క్రైస్తవుడికి కులం లేదు అన్న మాట 1910ల్లో పిళ్ళై గీరని కోసింది. 1950లో అదే మాట మా కంచంలో కూడు కోసింది. షెడ్యూల్డు కులాల ఉత్తర్వు 3వ పేరా, హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులని చేర్చారు, 1990లో బౌద్ధులని చేర్చారు. మేము బయటే ఉన్నాం. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆదిద్రావిడ క్రైస్తవుడు, పక్కన కుట్టుకునేవాళ్ళకి ప్రభుత్వం బంకులిచ్చి నాకెందుకివ్వలేదని సుప్రీంకోర్టుకి పోయాడు. సూసై అంటే జోజప్పే. 1985లో కోర్టు ఏమంది? మతం మారాక కూడా నీ బాధ అదే తీరులో, అంతే లోతుగా ఉందని రుజువు చూపించలేదు అంది. అదే తోలు, అదే ఆరె, అదే రోడ్డు. ఇంకేం రుజువు కావాలి?

ఇది రుజువు. ఈ రెండు కాళ్ళ గుడి రుజువు. తిరుచిరాపల్లి మేలపుదూరు కాథలిక్ సమాధుల తోటలో దళితుల గోరీలని వేరుచేసే గోడ రుజువు. ఎరైయూరు రుజువు. 2008 మార్చిలో అక్కడ దళిత కాథలిక్కులు మాకు వేరే విచారణ కావాలని అడిగితే వన్నియ కాథలిక్కులు వాళ్ళ ఇళ్ళ మీద పడ్డారు, పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. మేత్రాణుల సమాఖ్యే 2016లో దళితుల కోసం విధాన పత్రం వేసి, గుడిలో అంటరానితనం ఉందని, కోటీ తొంభై లక్షల కాథలిక్కుల్లో కోటీ ఇరవై లక్షలమంది దళితులని ఒప్పుకుంది. ఒప్పుకున్నోళ్ళు ఆ కాయితాన్ని మా విచారణ గుడిలో ఒక్క ఆదివారమన్నా చదివి వినిపించారా?

నా సంగతి. మా నాయన మొండోడు. నన్ను బళ్ళో వేసేటప్పుడు పంతులు హిందూ మాదిగ అని రాయబోతే, అబద్ధం ఎందుకయ్యా, ఆర్.సి.యం. అని రాయి అన్నాడు. ఆ ఒక్క నిజానికి నేను బి.సి.-సి అయ్యాను. ఎస్సీల్లోంచి క్రైస్తవంలో కలిసినవాళ్ళ గ్రూపు అది, నూటికి ఒక్క ఉద్యోగం. డీఎస్సీ రాసినప్పుడు రోస్టరులో ఆ ఒక్కటి ఎప్పుడొస్తదా అని కళ్ళల్లో వత్తులేసుకుని చూశాను. సర్టిఫికెట్టు కోసం పోతే ఒక ఆఫీసులో గుమస్తా నవ్వాడు, మీకు కులమేందమ్మా, మీరు కన్వర్టెడ్ గదా అని. మంచినీళ్ళు అడిగితే మాత్రం ప్యూన్‌ని పిలిచి ప్లాస్టిక్ గ్లాసు తెప్పించాడు, తన స్టీలు గ్లాసు పక్కకి జరిపాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అంటే రేపు బజార్లో ఎవడన్నా నన్ను మాదిగదానా అని తిడితే, తిట్టినవాడికి నా కులం తెలుసు, విన్నవాళ్ళకి తెలుసు, చట్టానికి తెలవదు.

2022 మే 15న రోములో పోపు ఫ్రాన్సిస్ దేవసహాయాన్ని పునీతుడిగా ప్రకటించాడు. అంతకుముందు మనవాళ్ళు కొందరు ఉత్తరాలు రాశారు, కులం తోకతో పునీతుడేంటి, పిళ్ళై తీసేయండి అని. రోము తీసేసింది. ఉత్త దేవసహాయం అయ్యాడు. మా పల్లెల్లో దేవసహాయాలు ఎంతమందో, వాళ్ళకెవరికీ తోక లేదు, కోయాల్సిన పనీ లేదు. చచ్చి రెండు వందల డెబ్బై ఏళ్ళయిన పునీతుడి తోక కోయగలిగినవాళ్ళు, బతికున్న ఇన్నారెడ్డి తోక సంగతి మాట్లాడరెందుకు? విచారణ కమిటీలో ఈ మాట అడిగాను. "టీచరమ్మా, అది ఇంటిపేరు లాంటిది, కులం కాదు" అన్నారు. మాదిగ అనేది కూడా ఇంటిపేరు లాంటిదే అనుకుని రిజిస్టర్లో రాయండి మరి అన్నాను. ఫాదరు గారు టీ తెప్పించారు.

ఇప్పుడు చెప్పేవాళ్ళుంటారు, మారంపూడి జోజి గారు 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు, పూల ఆంథోని గారు 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొదటివాళ్ళు, ఇంకా ఏం కావాలి అని. సంతోషమే. ఆ రోజు మా పల్లెలో కేకు కోశాం, డప్పు కొట్టాం. కానీ నోబిలి వచ్చి నాలుగు వందల ఏళ్ళు దాటాక మొదటి కార్డినలు వచ్చాడంటే, ఆ లెక్క ఎవరిని సిగ్గుపెట్టాలి? రోములో ఎర్రటోపీ వచ్చినంత మాత్రాన మా ఊళ్ళో బల్ల ఖాళీ అవుద్దా?

ఈ వ్యాసం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మా విచారణలో పాత గుడి పడగొట్టి కొత్తది కట్టబోతున్నారు. ప్లాను గీయించారు. మా పల్లె నుంచి ఇంటికి ఐదు వేలు, మనిషికి పది రోజుల పని అని తీర్మానం. లక్ష పైన ఇచ్చినవాళ్ళ పేర్లు పాలరాయి మీద చెక్కిస్తారంట. ఆ ప్లాను నా చేతికొచ్చింది. పీఠానికి ఎదురుగా పెద్ద వాకిలి, బజారు వైపు. పక్కగా చిన్న వాకిలి ఒకటి, మా పల్లె వైపు. ఈ వాకిలి ఎవరడిగారని అడిగితే, మీవాళ్ళకి దగ్గరగా ఉంటదని పెట్టించామమ్మా అన్నారు. దాని ముందు నేల కొలతలు చూశాను. బల్లలు లేవు. చాపలు పరిచే చోటు అని రాసి ఉంది.

పల్లెలో కుర్రాళ్ళు పదిమంది, డిగ్రీ చదివే ఆడపిల్లలు నలుగురు మా ఇంట్లో కూర్చున్నారు. మూడు నిర్ణయాలయ్యాయి. చిన్న వాకిలి ప్లానులోంచి తీసేదాకా ఐదు వేలూ ఇవ్వం, పనికీ పోం. బల్లల మీద, పాలరాయి మీద ఎవరి పేర్లూ ఉండకూడదు. సమాధుల తోటకి ఒకటే వరస, ముందు ఎవరు చస్తే వాళ్ళు ముందు. ఈ మూడూ రాసి మేత్రాణుల వారికి ఒక కాపీ పంపాం. 2022లో కేంద్రం వేసిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ పేరు మీద ఇంకో కాపీ, దానికి ప్లాను జెరాక్సు, వడక్కన్‌కుళం గుడి ఫోటో జతచేసి పంపాం.

ప్లాను మీద ఇంకా సంతకాలు కాలేదు. వచ్చే ఆదివారం పూజ అయినాక మీటింగు. మాయమ్మ కూడా వస్తానంది. మోకాళ్ళ నొప్పులు గదా, నేల మీద కూకోలేను, బల్ల మీదే కూకుంటానంది.